ఆడపిల్ల కాలికి కాన్వాసు జోడు

పాదరక్షలను గూర్చి వ్రాయుట సాహిత్యపత్రికకు తగిన పనియా యని కొందరు చదువరులు నొసలు ముడుచుకొనవచ్చును. రాముని పాదుకలను సింహాసనమున నుంచి పదునాలుగేండ్లు రాజ్యము నడపిన భరతుని కథను భక్తితో విను మనకు, చెప్పు అను మాట వినగానే చిన్నతనము తోచుట వింత. జోడు దేవునిదైనచో తలపై పెట్టుకొందుము. గురువుదైనచో కన్నుల కద్దుకొందుము. పేదవానిదైనచో వీధి మొదటనే విప్పించి చేత పట్టించితిమి. ఆడపిల్లదైనచో అసలు కొనము. ఈ చివరిమాటను గూర్చియే మేమిప్పుడు వ్రాయదలచినది. తక్కినవి దారిలో తగులును.

మా నల్లమాడ అనంతపురపు మెట్టసీమలోని యూరు; 2022 ఏప్రిలు మొదలు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసినచో కురిసినట్లు, లేనిచో లేనట్లు. వేరుసెనగ పండినచో పండినట్లు, లేనిచో బెంగుళూరికి కూలికి పోయినట్లు. ఎర్రనేల, గులకరాయి, పల్లేరుకాయ, తుమ్మముల్లు, ఇవి మా సీమ పాదములకు నిత్యపరిచితములు. ఎండకాలమున పగలు పండ్రెండుగంటలకు బండపై వట్టికాలు మోపి నిలిచినవాడు లేడు. చెప్పులను మావైపు మెట్లందురు. మెట్టనేలకును మెట్లకును గల చుట్టరికము వ్యాకరణమువలన సిద్ధింపకున్నను అనుభవమువలన సిద్ధించినది. చెప్పులో చొరబడిన రాతి బాధ నెరిగిన వేమన సమాధి కటారుపల్లెలో నున్నది. అది మాకు దూరము కాదు. ఇట్టిచోట పాదరక్ష అలంకారమని యెవరైన అనినచో వారు మా చేలలో ఒక్క దినము కలుపు తీసి చూడవలెను.

అయినను జూను నెలలో బడులు తెరచునప్పుడు అంగళ్లలో మేము చూచుచున్న దేమి? ఒకే తండ్రి, ఒకే సంచి, ఇద్దరు బిడ్డలు. కొడుకునకు రబ్బరు అడుగును లేసులును గల బూట్లు. కూతునకు సన్నని పట్టీల చెప్పులు. నెల తిరుగకముందే ఆ పట్టీ తెగును. తెగినచోట పిన్నీసు గ్రుచ్చుదురు. ఆ పిన్నీసుతోనే సంక్రాంతి వచ్చును. మేమొక తండ్రి నడిగితిమి. మాయందు గౌరవము గలవాడే. “ఆడబిడ్డకు బూట్లెందుకు సారూ? ఆటలాడేదానికా, పరుగెత్తేదానికా? రేపు పెండ్లయితే ఎవురు తొడిగేది?” అని నవ్వెను. ఆ బాలిక ఎనిమిదవ తరగతి చదువుచున్నది. రెండువందల మీటర్ల పరుగులో ఆమెను మించు మగపిల్లలు తరగతిలో ఇద్దరో ముగ్గురో. ఈ సంగతి తండ్రి యెరుగడు; చెప్పగా విని నిజముగనే సంతోషించెను; చెప్పులే కొనెను.

ప్రభుత్వము బూట్లిచ్చుట లేదా యని యడుగుదురేమో. ఇచ్చినది. 2020 అక్టోబరు 8వ తేదిన మొదలైన విద్యాకానుక పథకములో పుస్తకములు, ఏకరూప వస్త్రములు, సంచి మొదలగువానితో పాటు ప్రతి బాలునకును ప్రతి బాలికకును ఒక జత బూట్లు, రెండు జతల మేజోళ్లు లభించెను. ప్రభుత్వము మారినది, 2024లో పథకమునకు సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు వచ్చినది, బూట్లు మాత్రము పోలేదు. ఇది మంచిపని, రెండు పక్షములను మేము మెచ్చుకొనుచున్నాము. కాని బాలికకు వచ్చిన జత కొన్ని యిండ్లలో తమ్ముని కాలికి చేరుచున్నది. మరికొన్ని యిండ్లలో “ఊరికి పోవునప్పుడు వేసికొందువుగాని” యని పెట్టెలో దాగుచున్నది. పెట్టెలోని బూటు పెరుగదు. బాలిక పాదము పెరుగును. మరుసటి వేసవికి ఆ జత ఎవరికిని చాలదు. సర్కారు ఇచ్చినదానిని ఇల్లు తిరిగి తీసికొన్నచో ఏ చట్టము దానిని పట్టగలదు?

ఇంతకును ఈ కాన్వాసు జోడు ఎట్లు పుట్టినదో కొంచెము తెలిసికొందము. గుడ్డను రబ్బరును కలిపి కట్టిన యీ సామాన్య వస్తువు నూరేండ్లు దాటినను తన రూపము మార్చుకొనక, ధనికుల పిల్లలకును దరిద్రుల పిల్లలకును ప్రీతిపాత్రమై యుండుటకు తగిన కారణమే యున్నది.

పచ్చి రబ్బరు ఎండకు మెత్తబడి అంటుకొనును, చలికి బిరుసై పగులును. అమెరికాలో చార్లెసు గుడ్‌యియరు అనునతడు అప్పులపాలై చెరసాలలు చూచుచు, 1839లో గంధకముతో కలిపి కాచినచో రబ్బరు ఈ రెండు దోషములను వదలునని కనుగొనెను. 1844లో దానికి హక్కుపత్రము పొందెను. 1860లో అప్పులతోనే మరణించెను. ఆయన కాచిన రబ్బరే నేటికిని మన కాలిక్రింద నున్నది. ఇంగ్లాండులో సముద్రతీరపు ఇసుకలో నడచుటకై గుడ్డపైని రబ్బరడుగు అంటించిన జోళ్లు అంతకుముందే యుండెను. గుడ్డకును అడుగునకును అతుకుచోట చుట్టును రబ్బరు పట్టీ యొకటి వేసిరి. అది ఓడల ప్రక్కన బరువు హద్దును చూపు ప్లిమ్సోల్ గీతవలె నుండుటచే ఆ జోళ్లకు ప్లిమ్సోల్ అను పేరు వచ్చినది. ఓడ మునుగకుండ నావికుల ప్రాణము కాపాడిన గీత యది. బడిపిల్లవాని బూటుకు ఆ పేరు పెట్టినవాడు రసజ్ఞుడు. అమెరికాలో అడుగుల చప్పుడు వినిపింపకుండ పిల్లివలె పోవచ్చునని స్నీకరు అనిరి. మనము తోచినట్లు కాన్వాసు బూట్లంటిమి, టెన్నిసు బూట్లంటిమి, పి.టి. బూట్లంటిమి.

1916లో కెడ్స్, 1917లో కాన్వర్స్ కంపెనీవారి ఆల్‌స్టార్ వెలువడినవి. చక్ టేలరు అను బంతియాటగాడు 1921లో ఆ కంపెనీలో చేరి, ఊరూర బడులకు తిరిగి ఆట నేర్పుచు జోళ్లమ్మెను. తరువాత చీలమండపై నుండు నక్షత్రపు బిళ్లమీద అతని పేరే ఎక్కినది. వస్తువును నేర్పరియైన ఉపాధ్యాయుడు అమ్మినచో ఎంతకాలము నిలుచునో దీనివలన తెలియును. (ఉపాధ్యాయులమైన మేము ఈ మాట కొంత గర్వముతోనే వ్రాయుచున్నాము.)

మన దేశమునకు ఈ జోడు రెండు దారులలో వచ్చినది. ఒకటి వ్యాయామపు దారి. 1920లో హారీ క్రో బక్ అను అమెరికా దేశస్థుడు మదరాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యాలయమును స్థాపించెను. అచ్చట నేర్చిన డ్రిల్లు మాష్టరులు చెన్నపురి రాజధానిలోని బడులకు వచ్చిరి. తెల్లచొక్కా, తెల్లలాగు, ఈల, తెల్లని కాన్వాసు బూట్లు వారి లాంఛనములు. రెండవది అంగడిదారి. జ్లీన్ పట్టణమున 1894లో తోమాష్ బాట్యా తన అన్న ఆంతొనీనుతోను అక్క ఆన్నాతోను కలిసి చెప్పుల దుకాణము పెట్టెను. ఆ యింటి ఆడుబిడ్డ చెప్పుల వ్యాపారములో భాగస్వామిని యని గమనింపుడు. ఏడాది తిరుగకమునుపే అప్పులు మీదపడగా, తోలు కొన శక్తిలేక గుడ్డతో బూట్లు కుట్టించిరి. అవియే వారిని గట్టెక్కించినవి. పేదరికమునుండి పుట్టినదే గాని గుడ్డబూటు విలాసమునుండి పుట్టినది కాదు. 1931లో ఆ కంపెనీ మన దేశమునకు వచ్చి, కలకత్తాకు చేరువ బాటానగరు కట్టుకొనెను. హిందూదేశపు బడిపిల్లల వ్యాయామము కొరకే 1936లో తమ టెన్నిసు బూటు రూపొందినదని ఆ కంపెనీవారు చెప్పుకొందురు. శనివారము సాయంకాలము ఆ తెల్లబూట్లను ఉదికి, సోమవారము ఉదయము మరకలపై సుద్దముక్క రుద్ది, వరుసలో నిలిచిన తరములవారు నేటికిని మన యిండ్లలో తాతలై, నాయనలై కూర్చుండియున్నారు. వారి నడుగుడు, ఆ సుద్ద వాసన చెప్పుదురు. వారి చెల్లెండ్ర నడుగుడు. ఏమియు చెప్పలేరు, వారికి బూట్లు లేవు.

ఇక అసలుమాట. ఈ జోటి ఆకర్షణము నిలిచియుండుట ప్రకటనల మహిమ యని కొందరందురు. ప్రకటనలు ఎన్నో వస్తువులకు చేసిరి. నూరేండ్లు నిలిచినవి యెన్ని? సౌందర్యమని మరికొందరందురు, ఉండవచ్చును. మా యభిప్రాయము వేరు. తోలుజోడు మన దేశములో తొడిగినవాని కులమును కుట్టినవాని కులమును చాటుచుండెను. చచ్చిన పశువును మోసి, తోలు ఊనవేసి, జోళ్లు కుట్టిన మాదిగ సోదరులను ఊరికి వెలిగా నుంచితిమి. వారు కుట్టిన జోళ్లను మనము తొడిగితిమి. ఆ జోళ్లనే వారు తొడిగి మన వీధికి వచ్చినచో సహింపమైతిమి. తోలు ముట్టిన చేయి మైల, తోలు తొడిగిన కాలు మైల కాదు! ఈ ధర్మసూక్ష్మమును ఏ స్మృతికారుడును ఇంతకంటె సిగ్గుమాలిన రీతిగా చెప్పలేడు.

ఇది పాతకథ యని త్రోసివేయకుడు. అంటరానితనమును రాజ్యాంగము 17వ అధికరణముచే 1950లో రద్దు చేసినది; 1955లో శిక్షాశాసనము వచ్చినది; 1989లో మరింత గట్టి శాసనము వచ్చినది. ఇన్ని వచ్చినను చాలక, ఆ 1989 నాటి శాసనమును 2015లో సవరించి, 2016 జనవరి 26 నుండి అమలుపరచిరి. ఆ సవరణలో షెడ్యూల్డు కులములవారిని, తెగలవారిని బహిరంగస్థలములలో సైకి లెక్కకుండను, చెప్పులు గాని క్రొత్తబట్టలు గాని తొడుగకుండను అడ్డగించుట నేరమని పేరుపెట్టి చెప్పవలసివచ్చినది. ఇరువదియొకటవ శతాబ్దమున ఒక మహాదేశపు పార్లమెంటు కూర్చుండి చెప్పులు తొడుగుటకు హక్కు వ్రాసియిచ్చినది. రోగము లేనిచోట వైద్యుడు మందు వ్రాయడు.

గుడ్డయు రబ్బరును కలిసిన జోడు ఈ మైలలెక్కను చిక్కులో పెట్టినది. అందులో తోలు లేదు, కుట్టినది యంత్రము, అమ్మినది అంగడి, తెలుపురంగు అందరికి ఒకటే. వరుసలో నిలిచిన నలువది జతల తెల్లబూట్లలో ఏ జత రెడ్డిగారి పిల్లవానిదో ఏ జత మాలపల్లె పిల్లవానిదో పైనుండి చూచువానికి తెలియదు. తొడిగినవానిని గూర్చి మౌనముగా నుండు వస్త్రములు మన సంఘమున మిక్కిలి తక్కువ. పంచెకట్టు చెప్పును, తలపాగ చెప్పును, బొట్టు చెప్పును, చీర కుచ్చిళ్లు చెప్పును. ఈ జోడు మాత్రము చెప్పదు. పిల్లలు కారణమెరుగకయే దానిని ప్రేమించుట ఇందువలననే యని మేము నమ్ముచున్నాము.

ఇట్టి జోడు కులపు గోడను కొంత దాటెను గాని, ఇంటిలోని గడపను దాటలేదు. చెల్లెలి కాలు అన్న కాలితో సమానము కాలేదు.

సనాతనులకు మేమొక కథ జ్ఞప్తి చేయుదుము. భారతమున అనుశాసన పర్వమున గొడుగును పాదరక్షలును ఎట్లు పుట్టెనని ధర్మరాజు భీష్ము నడుగును. జమదగ్ని మహర్షి వినోదమునకై బాణములు వేయుచుండగా రేణుకాదేవి పరుగెత్తి వానిని తెచ్చి యిచ్చుచుండెను. జ్యేష్ఠమాసపు మధ్యాహ్నము. తలయు పాదములును కాలిపోగా ఆమె చెట్టునీడను క్షణము నిలిచి, ఆలస్యముగా వచ్చెను. భర్త కోపించునని భయపడెను. సంగతి విని జమదగ్ని సూర్యునిపైననే విల్లెక్కుపెట్టెను. సూర్యుడు బ్రాహ్మణ రూపమున వచ్చి శరణువేడి, తలకు గొడుగును కాళ్లకు పాదరక్షలను ఇచ్చెను. పురాణము చెప్పు మొదటి పాదరక్షలు రాజునకు రాలేదు, ఋషికొరకు రాలేదు. ఎండలో పరుగెత్తిన యొక స్త్రీ కాళ్లు కాలినందున వచ్చినవి. ఆడుదానికి బూట్లెందులకని యడుగు తండ్రులు ఈ పర్వమును ఒకసారి చదివించుకొని వినవలెను. జమదగ్ని శాంతస్వభావుడని యెవరును చెప్పరు; అట్టివాడు సయితము భార్య కాళ్లు కాలుట తన తప్పో ఆమె తప్పో యని వాదింపక, పాదరక్షలు దొరకువరకు విల్లు దింపలేదు.

సభ్యత చెడునని మరికొందరందురు. లంగాకు, ఇప్పటి పంజాబీ దుస్తులకు, చీరకు బూట్లు పొసగవట. పుట్టపర్తి వీధులలో తెల్లచీరపై కాన్వాసు బూట్లు తొడిగి చకచక నడచు అరువదేండ్ల విదేశ స్త్రీలను మనము చూచుచునే యున్నాము. వారి భక్తికి గాని మర్యాదకు గాని లోపము వచ్చినట్లు కానము. గుడి వాకిట అందరితో పాటు విప్పి లోనికి పోవుచున్నారు. చీరకును బూటునకును వైరము లేదు. వైరమంతయు చూచువాని కంటిలో నున్నది. నిజముగా వీరి భయము వేరు. పట్టీచెప్పుతో నడచు పిల్ల మెల్లగా నడచును. లేసు బిగించిన పిల్ల వేగముగా నడచును. వేగముగా నడచు పిల్ల ఎచ్చటికి పోవునో యని వీరి దిగులు. ఆ దిగులు దాచుకొని, కుచ్చిళ్ల సౌందర్యమును గూర్చి మాటలాడుదురు.

ఈ సభ్యతావాదులు తడవైపు ఒకసారి పోయి రావలెను. తిరుపతి జిల్లాలోని తడవద్ద అపాచీ అను కంపెనీవారి కర్మాగారమున జగత్ప్రసిద్ధమగు అడిడాస్ బూట్లు తయారగుచున్నవి. అందు పనిచేయు వేలాది జనులలో ఎక్కువమంది స్త్రీలు, తెలుగు పల్లెలనుండి తెల్లవారకమునుపే బస్సులెక్కి వచ్చువారు. ఆ కంపెనీ కుటుంబమునకే చెందిన మరియొక కర్మాగారమునకు శ్రీకాళహస్తికి చేరువ ఇనగలూరున 2022లో శంకుస్థాపన జరిగినది. తిన్నడు శివుని కంటిచోటు తెలియుటకై లింగముపై కాలు మోపిన క్షేత్రమది. పాదము పవిత్రమో అపవిత్రమో అచ్చటి దేవుడు ఎప్పుడో తీర్పు చెప్పినాడు. ప్రపంచపు క్రీడాకారుల కాళ్లకు తెలుగు ఆడువారు బూట్లు కుట్టవచ్చునట. వారి కూతుండ్రు తొడుగరాదట. మాదిగవాని యెడల నాడు చేసిన న్యాయమునే నేడు ఆడువారి యెడల చేయుచున్నాము. కుట్టు చేయి వేరు, తొడుగు కాలు వేరు.

వట్టికాళ్లే ఆరోగ్యమని వాదించు క్రొత్త తెగ యొకటి బయలుదేరినది. నగరములలో పచ్చిగడ్డిపై వట్టికాళ్లతో నడచుటకు వీరు డబ్బిచ్చి నేర్చుకొందురు. ఇథియోపియా వీరుడు అబెబె బికిలా 1960లో రోము నగరమున వట్టికాళ్లతో మారథాను గెలువలేదా యని యడుగుదురు. గెలిచెను, 2 గంటల 15 నిమిషములలో పరుగు ముగించెను. కాని 1964లో టోకియోలో బూట్లు తొడిగి మరల గెలిచెను, అదియు మూడునిమిషములు ముందుగా. రెండవ సంగతి వీరు చెప్పరు. మన ఫుట్‌బాల్ జట్టులో పెక్కుమంది 1948లో లండనులో వట్టికాళ్లతో ఆడి మెప్పు పొందిరి. 1952లో హెల్సింకి చలిలో యుగోస్లావియా చేతిలో 10–1గా ఓడిరి. ఆ తరువాత బూట్లు తప్పనిసరి చేసిరి. అప్పటి శిక్షకుడు హైదరాబాదు ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీము. ఆయన శిక్షణలోనే బూట్లు తొడిగిన జట్టు 1956లో మెల్‌బోర్నులో నాలుగవ స్థానమును, 1962లో జకార్తాలో ఆసియా స్వర్ణమును పొందెను. వట్టికాలు కోరుకొన్నవానికి యోగమగును, కోరుకొననివానికి దరిద్రమగును. బికిలాను చూపి బాలికకు చెప్పులు మానిపించువారు ముందుగా తమ బూట్లు విప్పి మా మెట్టచేలలో నడచి చూపవలెను. తేలు, రక్తపింజర, తుప్పుపట్టిన మేకు, తడినేలలో అంగాలిలోనుండి దూరు కొంకిపురుగు, వీనిలో ఏదియు మీ సిద్ధాంతమును చదివియుండలేదు.

యువకుల మాటయు కొంత చెప్పక తప్పదు. వారు వట్టికాళ్లను ప్రేమించరు, బూట్లనే ప్రేమింతురు. కాని బూటుకంటె బూటు ప్రక్కనుండు గుర్తును ఎక్కువగా ప్రేమింతురు. మూడు గీతలు, ఒక కొక్కెము, ఒక దుముకు చిరుత, ఒక నక్షత్రము. ఇవి నేటి ఊర్ధ్వపుండ్రములు. అసలు గుర్తు గల జత వేల రూపాయలు. 2024–25లో మన రాష్ట్రమున ఉపాధిహామీ కూలి దినమునకు 300 రూపాయలు. తల్లి పదునైదు ఇరువది దినములు మన్ను మోసినచో కొడుకు కాలికి ఒక నక్షత్రము ఉదయించును. అది చాలక, అదే గుర్తును దొంగతనముగా అచ్చువేసిన నకిలీలు సంతలో దొరకును. మూడువారములకు అడుగు ఊడును, గుర్తు మాత్రము ఊడదు. ఎవడు ఏ కులమువాడో చెప్పని జోటిని మనము సంపాదించుకొంటిమి; ఎవని తండ్రికి ఎంత జీతమో చెప్పు జోటిగా దానిని మార్చుకొనుచున్నాము. నూరేండ్లక్రిందట బంతియాటకై పుట్టిన నక్షత్రపు జోటిని 2003లో మరియొక మహాకంపెనీ కొని, పాతదనమునే క్రొత్త సరకుగా అమ్ముచున్నది. కొనువారు కొనుడు, కాని అన్న నక్షత్రమునకై చెల్లెలి చెప్పు పిన్నీసుతో నడచుట ఏ న్యాయము?

1968 అక్టోబరులో మెక్సికోలో 200 మీటర్ల పరుగు గెలిచిన టామీ స్మిత్ అను నల్లజాతి వీరుడు బహుమానపు వేదికపైకి బూట్లు విప్పి, నల్లని మేజోళ్లతో ఎక్కెను. ఒక బూటును ప్రక్కన పెట్టుకొనెను. తనవారి పేదరికమును లోకమునకు చూపుట కట్లు చేసెను. ఆ చిత్రమును గోడలకు అంటించుకొను మన యువకులు ప్రక్కనున్న బూటునే చూచుచున్నారు. మేజోళ్లను చూచుట లేదు.

మా వృత్తివారి సంగతి దాచుట ధర్మము కాదు. కొన్ని బడులలో, పేర్లు మాకవసరము లేదు, బూట్లు లేక వచ్చిన పిల్లను ప్రార్థనవేళ వరుసనుండి వెలికి తీసి ఎండలో నిలుపుదురు. బూట్లు లేవన్న నేరమునకు కాళ్లు కాల్చుట శిక్ష! సమత్వమునకై పుట్టిన ఏకరూపవేషము అవమానమునకు సాధనమైనచో దానిని మరల ఉదికి ఆరవేయవలెను. మరికొన్నిచోట్ల ఆటలగంట వచ్చినచో మగపిల్లలు మైదానమునకు, ఆడపిల్లలు ముగ్గులకు, గది ఊడ్చుటకు. బూటున్నను పరుగు లేని చోట బూటెందులకని తండ్రి యడిగినచో ఉపాధ్యాయుడు ఏమి సమాధానము చెప్పును?

అయినను మా జిల్లాలు ఈ విషయమున బొత్తిగా గ్రుడ్డివి కావు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురమున స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ పల్లెపిల్లలకు క్రీడాగ్రామమును కట్టినది. స్పెయిను దేశపు టెన్నిసు వీరుడు రఫాయెల్ నడాల్ పేరి సంస్థ 2010లో అచ్చట టెన్నిసు బడి తెరచినది. కూలివాండ్ర కూతుండ్రు బూట్లు బిగించి, కొడుకులతో సమముగా బంతిని కొట్టుట ఆ మైదానమున జనులు చూచిరి. ఆకాశమేమియు విరిగి పడలేదు. విశాఖపట్టణపు జ్యోతి యర్రాజి 2023లో బాంకాకులోను, 2025లో గుమిలోను నూరుమీటర్ల అడ్డుపరుగులో ఆసియా ఖండమునకు మొదటిదైనది. వరంగల్లు జిల్లా కల్లెడ కూలివారి బిడ్డ జీవంజి దీప్తి 2024లో కోబేలో నాలుగువందల మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి, పారా క్రీడలలో తన తరగతికి ప్రపంచ రికార్డు నెలకొల్పి, ఆ యేటనే పారిసులో కంచు పతకము తెచ్చినది. ఈ బిడ్డల చిత్రములను మన బడిగోడలపై అంటించితిమి. గోడక్రింద కూర్చున్న బిడ్డ కాలిని చూడలేదు.

కాన్వాసు జోటికి లోపములు లేవని మేము వాదింపము. దాని అడుగు పలుచన, బల్లపరుపు, దూరపు పరుగునకు చాలదు. 1970ల నడుమనుండి వచ్చిన మెత్తని నురుగడుగు జోళ్లు మడమకు ఎక్కువ సుఖమిచ్చును. వానలో తడిసినచో త్వరగా ఆరదు. మా సీమలో ఆ భయము ఏడాదికి పదిదినములే. కాని చవుక, ఉదుకవచ్చును, ముల్లు చాలవరకు ఆపును, బడికి పోవచ్చును, చేనికి పోవచ్చును, ఆడవచ్చును. పరుగునందు నిజముగా నేర్పు చూపిన బిడ్డకు తరువాత మంచి జోడు కొనవచ్చును. నేర్పు ఉన్నదో లేదో తెలియుటకైన మొదట ఒక జత కావలెను గదా.

కనుక రాబోవు జూనులో అంగడికి పోవు గృహస్థులకును, అంతకంటె ముఖ్యముగా సంచి పట్టుకొని వెంట పోవు తల్లులకును మా మనవి. కూతును ఇంట వదలి, అందాజుగా కొలత చెప్పి కొనకుడు. బడిలో సర్కారు బూట్లకు కొలత తీయునప్పుడును ఆ పిల్ల హాజరు కావలెను. ఇంట కొలువదలచినచో ఉదయము గాక సాయంకాలము కొలువుడు, దినమంతయు నడచిన పాదము కొంత ఉబ్బియుండును. గోడకు మడమ ఆనించి, కాగితముపై నిలువబెట్టి, రెండు పాదములకును పెన్సిలుతో గీత గీయుడు. రెండును సమానముగా నుండవు, పెద్దదానినే లెక్కకు తీసికొనుడు. పొడవైన వ్రేలికి ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటు విడువుడు. ఆ కాగితమును కొడుకు కాగితముతో పాటు ఒకే జేబులో పెట్టుకొని పొండు. అంగడివాడు మొదట ఎవరికని యడిగినచో, కూతు కాగితము ముందు తీయుడు.